ఎత్తని బస్తా

వనపర్తి డాక్టరు హెర్నియాకు రెండు దారులు చెప్పిండు. గజ్జకాడ కోసి వల లెక్కుండే జాలీ పెట్టొచ్చు, లేదంటే మూడు చిన్న బొక్కలు చేసి లోపల్నుంచే పెట్టొచ్చు. కోడేరు బస్సెక్కినా అదే పరేషాను. సీట్ల కుదురుగ కూసోలేకపోయిన. బస్సు ఎగిరినప్పుడల్లా చెయ్యి గజ్జ మీదికే పోతుండె.

పక్క సీటాయన నాకన్న పదేండ్లు పెద్ద ఉంటడు. నా చెయ్యి చూసి, "హెర్నియానా తమ్మీ? నాకు రెండుసార్లు చేసిండ్రు. ముందు బొక్కలు, తర్వాత కోత" అన్నడు.

"ఏది మంచిదన్నా?"

"రెండూ మంచియే. మొదటిది నేనే చెడగొట్టుకున్న. నాలుగు దినాలకే నొప్పి పోయింది. పదిహేనో దినం వాన పడ్డది. ఊరంత చేన్లల్లనే ఉంది. నిమ్మలంగ ఉండలేక యూరియా బస్తా భుజానికెత్తిన."

ఆయన దిగే ఊరొచ్చింది. కాళ్లకాడున్న ఆయన సంచి అందియ్యబోయిన. నా మణికట్టు పట్టుకొని ఆపి, సంచి దించనీకి కండక్టరును పిలిచిండు.

ఆపరేషనైన తొమ్మిదో దినం మా ఊర్ల వాన పడ్డది. మా ఆమె, బిడ్డ చెరో దిక్కు పట్టి యూరియా బస్తా ఎత్తుతుంటే, నేను రెండు చేతులు తొడల కింద పెట్టుకొని అరుగు మీద కూసున్న.