అరవై రోజుల కౌన్సిలర్

రువైస్ కార్మికుల క్యాంపులో శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు పనులు జరుగుతాయి. ఒకటి, అందరూ బట్టలు ఉతుక్కుంటారు. రెండు, తను మున్సిపల్ ఎన్నికల్లో ఎందుకు ఓడిపోయాడో భోజన్న చెబుతాడు. మొదటి పనికి నీళ్ళు కావాలి. రెండో పనికి వినేవాళ్ళుంటే మంచిదే, లేకపోయినా ఆగదు.

భోజన్న ఫోర్మన్. రిఫైనరీలో ఏ గొట్టానికి రంగు వెయ్యాలన్నా, ఏ ట్యాంకుకు మరమ్మతు చెయ్యాలన్నా ముందు దాని చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టాలి. ఆ కట్టేవాళ్ళ మీద ఇతను పెద్ద. ఇరవయ్యేళ్ళుగా దుబాయ్‌లోనే ఉన్నాడు. రువైస్ దుబాయ్‌లో లేదనీ, అబుదాబి దాటి సౌదీ దిక్కుగా రెండున్నర గంటలు పోతే వస్తుందనీ అతనికీ తెలుసు. కానీ ఊళ్ళో అందరూ దుబాయ్ అన్నాక మనిషి దుబాయ్‌లోనే ఉండాలి. అతను కట్టిన పరంజా ఇంతవరకు ఒక్కటీ కూలలేదు. 2005 సెప్టెంబరులో సొంత ఊళ్ళో, పదకొండో వార్డులో కట్టింది మాత్రం నలభై ఒక్క ఓట్ల తేడాతో కూలింది. ఊరి పేరు చెబితే గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ కోపం వస్తుంది. నిర్మల్ దగ్గరి ఒక మున్సిపాలిటీ అనుకుంటే చాలు.

ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన క్యాంపులోనే పుట్టింది. పదకొండో వార్డు మగవాళ్ళు ఆ క్యాంపులో ఇరవై ముగ్గురున్నారు. ఎవడికి జ్వరమొచ్చినా మందులు తెప్పించేది భోజన్నే. ముదీర్ దగ్గరికి, అంటే మేనేజరు దగ్గరికి పోయి సెలవు ఇప్పించేదీ, కొత్తగా వచ్చినవాడికి దుప్పటి ఇచ్చేదీ అతనే. "అన్నా, నువ్వు ఊర్ల ఉంటే కౌన్సిలర్‌వి అయ్యేటోనివి" అని ఒకసారి దేవేందర్ అన్నాడు. దేవేందర్ అతని గదిలోవాడే, అదే వార్డువాడు, అతని కిందే పనిచేస్తాడు. ఫోర్మన్‌ను మెచ్చుకోవడం పనిలో భాగమని అనుకున్నాడే తప్ప దీనివల్ల ఇంత జరుగుతుందని ఆ అమాయకుడికి తెలియదు.

భోజన్న ఆ రాత్రే పుస్తకం తీశాడు. ఒక్కొక్క మంచం దగ్గరికి పోయి ఇంటికెన్ని ఓట్లో అడిగాడు. "మా ఇంట్ల నాలుగు, రాసుకో అన్నా" అన్నాడు దేవేందర్. ఇంకొకడు తన ఇంటి ఓట్లతో పాటు తమ్ముడి అత్తగారి ఓట్లు కూడా ఇచ్చేశాడు. అన్నీ కలిపితే నూటపన్నెండు వచ్చాయి. ఇంటికి మూడు వేల కిలోమీటర్ల దూరంలో లుంగీలు కట్టుకుని కూర్చున్న మగవాళ్ళు, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ ఓట్లను ఉదారంగా పంచిపెట్టారు. ఆ ఆడవాళ్ళకు ఒక మాట చెప్పాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆ నూటపన్నెండులో క్యాంపులో ఉన్న ఇరవై ముగ్గురి సొంత ఓట్లు కూడా ఉన్నాయి. పోలింగు రోజున వాళ్ళంతా రువైస్‌లోనే పైపులు మోస్తూ ఉంటారు కదా అన్న చిన్న విషయాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు.

"గెలిస్తే వీసా ఖలాస్. పాస్‌పోర్టు బీర్వాల వెట్టి తాళమేస్త" అన్నాడు భోజన్న. భార్య కొమురవ్వకు ఫోనులో కూడా ఇదే మాట చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఉన్నది మొత్తం రెండేళ్ళకు మించదు. అందుకని ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. సంతోషంతో అడుగుతోందనుకున్నాడు. అంతవరకు అతని ఊహ సరైనదే.

క్యాంపువాళ్ళు కాగితం పూల దండ వేసి సాగనంపారు. అతని కింది మంచం దేవేందర్‌కు ఇచ్చేశారు. అయితే భోజన్న జాగ్రత్త మనిషి. వీసా రద్దు చేసుకోలేదు, మామూలుగా కంపెనీ ఇచ్చే అరవై రోజుల సెలవు పెట్టుకుని, తిరుగు టికెట్టును సూట్‌కేసు లోపలి అరలో దాచుకుని బయల్దేరాడు.

ఇక గుర్తు సంగతి. అతను స్వతంత్ర అభ్యర్థి. మున్సిపల్ ఆఫీసులో గుర్తుల పట్టిక ముందు పెట్టారు. అందులో కత్తెర ఉంది, టేబుల్ ఫ్యాన్ ఉంది, ప్రెషర్ కుక్కర్ ఉంది. భోజన్న కళ్ళు సూట్‌కేసు బొమ్మ మీద ఆగాయి. తను వచ్చిన ప్రతిసారీ సూట్‌కేసు తెరవగానే సబ్బుల కోసం, సెంటు సీసాల కోసం వాడంతా మూగడం అతను చూశాడు. అదే సూట్‌కేసును మళ్ళీ జీపు మీదికి ఎక్కించేటప్పుడు గుమ్మాల్లో నిలబడ్డ మొహాలు మాత్రం అతను చూడలేదు. చూడడానికి లేదు, అప్పటికే డ్రైవరు పక్క సీటులో కూర్చుని ఉంటాడు.

ప్రచారం హలీమాబీ ఇంటితో మొదలుపెట్టాడు. ఆమె కొడుకులిద్దరిలో ఒకడు బర్ దుబాయ్‌లో బట్టల దుకాణంలో, ఇంకొకడు షార్జాలో ఉంటారు. వాడలో ఆమె మాట మీద నలభై గడపలు నడుస్తాయి. అరుగు మీద బియ్యం చెరుగుతున్న హలీమాబీ తలెత్తి చూసింది.

"భోజన్నా, ఎప్పుడొచ్చినవ్ బేటా?"

"మొన్న ఐతారం చాచీ."

"ఎన్ని దినాలు ఛుట్టీ?"

"అరవై దినాలు."

ఆ వాడలో ఈ ప్రశ్న పలకరింపే. దుబాయ్ నుంచి ఎవరు దిగినా ముందు ఇదే అడుగుతారు, ఆ తర్వాతే మంచినీళ్ళిస్తారు. పద్దెనిమిదేళ్ళుగా భోజన్న దీనికి జవాబు చెబుతూనే ఉన్నాడు. నోటికి అలవాటైపోయిన జవాబు, మెదడును అడగకుండానే బయటికి వచ్చింది. ఆ వెంటనే రెండు చేతులూ జోడించి, "సూట్‌కేసు గుర్తు చాచీ. ఐదేండ్లు మీ సేవ చేస్త" అన్నాడు. హలీమాబీ అతన్నొకసారి, చేతిలోని కరపత్రం మీద సూట్‌కేసు బొమ్మనొకసారి చూసి, "అచ్ఛా బేటా" అంది. నీళ్ళిచ్చింది. అభ్యర్థి నీళ్ళు తాగి, ఈ ఇల్లు ఖాయమని పుస్తకంలో గీత పెట్టుకున్నాడు.

ప్రతి గడపలోనూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. రెండోసారి తిరిగినప్పుడు ఇంకా ముచ్చటగా జరిగింది. "ఇంకెన్ని దినాలున్నయే?" అని అడిగితే, "నలభై ఒక్కటి" అని రోజులు లెక్కపెట్టి మరీ చెప్పాడు. మూడోసారి "ఇర్వై రెండే అక్కా" అన్నాడు, గొంతులో కొంచెం దిగులు కూడా పెట్టి. మొత్తం మున్సిపాలిటీలో ఇంత నిజాయితీగా ప్రచారం చేసిన అభ్యర్థి ఇంకొకరు లేరు.

అవతల నిలబడింది స్వర్ణ. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నల్లా రాకపోతే బిందె పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందు కూర్చునేది ఆమే, గ్యాస్ బండ కోసం తెల్లవారకముందే లైనులో నిలబడేదీ ఆమే. మైకు లేదు, జీపు లేదు. "నాకు పాస్‌పోర్టు లేదమ్మా. నేను ఏడికీ పోను" అని మాత్రం చెప్పుకుంది. ఈ మాట విని భోజన్న జాలిపడ్డాడు. పాపం, చెప్పుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదనుకున్నాడు.

ఫలితం వచ్చిన రోజు స్వర్ణ మెడలో దండలు పడ్డాయి. భోజన్న ఆ మర్నాడు గడప దాటలేదు. ఆ తర్వాతి రోజు సూట్‌కేసు సర్దాడు. అరవై రోజుల సెలవులో అప్పటికి యాభై మూడు గడిచాయి, ఇంకా వారం మిగిలి ఉంది. కొమురవ్వ ఆపలేదు, అడగలేదు. సంచిలో తొక్కు డబ్బా పెట్టి ఇచ్చింది. ఓడిపోయిన మొగుడి మొహం చూడడానికి ఆమెకు కష్టంగా ఉందని అతను అనుకున్నాడు. ఈ ఊహ మాత్రం తప్పు.

క్యాంపులో అతనికి పై మంచం దొరికింది. ఫోర్మన్ నిచ్చెన ఎక్కి పడుకోవడం చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వాలనిపించినవాళ్ళు స్నానాల గదికి పోయి నవ్వుకుని వచ్చారు.

అప్పటినుంచి రెండేళ్ళుగా శుక్రవారాలు నడుస్తున్నాయి. ఒక శుక్రవారం తప్పంతా పోలింగునాటి వానది. మరో శుక్రవారం కులపెద్దలది. ఇంకో శుక్రవారం కరపత్రంలో తన ఫోటో నల్లగా అచ్చేసిన ప్రెస్సువాడిది. ఒకసారి వేడి ఎక్కువై, తన వార్డు జనానికి అభివృద్ధి అంటే గిట్టదని తేల్చాడు. క్యాంపులోని ఇరవై ముగ్గురూ తలలూపారు. ఊపక ఏంచేస్తారు, ఓవర్‌టైము రాసేది ఆ చెయ్యే.

2007లో దేవేందర్ ఊరికి పోయి వచ్చాడు. తొక్కు డబ్బా తెచ్చి ఇచ్చి, బనియను పిండుతున్న భోజన్న పక్కన కాసేపు నసిగాడు.

"అన్నా, ఒక ముచ్చట చెప్త. కోపానికి రావద్దు."

"చెప్పు."

"ఓట్లప్పుడు హలీమాబీ నిన్ను ఎన్ని దినాలు ఛుట్టీ అని అడిగిందట. నువ్వు అరవై అన్నవట."

"అవ్, అరవయ్యే గద. అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధం కాదే అన్నా. అరవై దినాలకు పోయేటోనికి ఐదేండ్ల పని ఎట్ల అప్పజెప్తరు? వాడంత గదే అనుకున్నరట. మా అవ్వ గూడ స్వర్ణకే ఏసింది. మా ఇంటామె గూడ. నీకు చెప్పద్దనుకున్న గని, రెండేండ్ల సంది వాన అంటున్నవ్, ప్రెస్సోడు అంటున్నవ్, ఇనలేక సస్తున్న."

భోజన్న చేతిలో బనియను నీళ్ళు కారుతూనే ఉంది. మొదట దేవేందర్ మీద కోపం వచ్చింది, నాలుగు ఓట్లు రాయించింది వీడే కదా. తర్వాత హలీమాబీ మీద వచ్చింది. ఒక్క మాట పట్టుకుని ఒక మనిషి భవిష్యత్తు నాశనం చేసిన వాడ మీద వచ్చింది. ఆ కోపంతోనే పోయి ఇంటికి ఫోను కొట్టాడు.

"ఏమే, అరవై దినాలన్నందుకు నన్ను ఓడగొట్టిన్రట. నీకు ఎరికేనా?"

"ఎరికే" అంది కొమురవ్వ.

"ఎరికై రెండేండ్లు నోరు మూసుకున్నవా?"

"నువ్వు అడగలే."

"మరి నువ్వెవలికి ఏసినవ్? నువ్వు గూడ స్వర్ణకేనా?"

అవతల కుక్కర్ కూత వేసింది. ఆమె దాన్ని దించి వచ్చినట్టుంది.

"నీకే ఏసిన. అందరు వచ్చి అడిగిన్రు, నీ మొగనికి ఎన్ని దినాలు ఛుట్టీ అని. నాకు తెల్వదన్న. నువ్వొచ్చిన ప్రతిసారి గడపల్నే అడుగుతుంటి గద, ఎన్ని దినాలని. గా ఓట్లప్పుడు మాత్రం అడగలేదు నేను. యాదికున్నదా?"

అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తుకు రాలేదు. అడగకపోవడం ఎవరికి గుర్తుంటుంది?

"ఎందుకు అడగలే?"

"ఉంటవనుకున్న" అంది. "సూట్‌కేసు సదురుతుంటే గప్పుడు సమజైంది. ఓట్లల్ల ఓడిపోతే ఇంట్ల ఉండద్దని ఏమన్న రూలున్నదా? గెలిస్తెనే ఉంటవా నువ్వు నా కాడ?"

ఈసారి భోజన్న వాన అని అనలేడు, ప్రెస్సువాడని అనలేడు. సిగ్గుపడ్డాడు. వార్డులో పద్నాలుగు వందల ఓట్ల కోసం ఇల్లిల్లూ మూడుసార్లు తిరిగిన మనిషి, తన ఇంట్లో ఉన్న ఒక్క ఓటు దగ్గరికి ఒక్కసారీ పోలేదు. ఆ ఓటు అడగకుండానే పడింది. దాన్ని అక్కడే వదిలేసి, సెలవు ఇంకా వారం ఉండగానే పారిపోయి వచ్చాడు.

తర్వాతి శుక్రవారం భోజనాలయ్యాక అందరూ బట్టలు ఉతుక్కున్నారు. రెండో పని జరగలేదు. ఒకరిద్దరు ఒంట్లో బాగాలేదా అన్నా అని అడిగారు కూడా.

శనివారం పొద్దున్నే భోజన్న క్యాంపు ఆఫీసుకు పోయాడు. హాజరు రాసే అబ్దుల్ రహీం నెల్లూరువాడు, ఏ కాగితమైనా అతని చేతి మీదుగానే పోవాలి. భోజన్నను చూడగానే అతను అడక్కముందే సెలవు ఫారాల కట్ట లాగాడు.

"ఏం భోజన్నా, ఊరికేనా? ఎన్ని రోజులు ఛుట్టీ?"

"అర..." అన్నాడు భోజన్న. అంతవరకు నోరే అంది. మిగతాది పళ్ళ మధ్య పట్టి ఆపాడు.

"ఛుట్టీ కాదు భాయ్. ఖలాస్. వీసా క్యాన్సల్ ఫారం ఇయ్యి."

అబ్దుల్ రహీం కలం పక్కన పెట్టాడు. ఈ మనిషి ఎన్నికల కథ అతనికి కంఠతా వచ్చు.

"మళ్ళా ఎలచ్చన్లు వచ్చినాయా ఏంది?"

"రాలే. ఇంక మూడేండ్లున్నయ్."

"మరి ఏం పని ఉందని పోతా ఉండావు?"

భోజన్న ఫారం తన వైపు లాక్కుని పేరు రాయడం మొదలుపెట్టాడు.

"ఒకామె నాకు ఓటేసింది భాయ్. రెండేండ్లాయె, నేనింక డ్యూటీల చేరలే."