టై చుక్కల రంగు రుమాలు

మాదాపూర్‌ల నేను పనిచేసే సూట్ల షాపుకు ఇయ్యాల మధ్యాహ్నం భీమవరం సారొకాయన వచ్చిండు. నాలుగింటికి పుప్పాలగూడ దిక్కు ఇంటర్వ్యూ ఉందట. నీలం టై తీసుకున్నడు, దాని మీద సన్న గులాబీ చుక్కలు. కోటు జేబుల పెట్టే రుమాలు కూడా అదే గుడ్డది కావాలన్నడు.

రెండూ ఒకే గుడ్డవైతే బ్యాండు మేళపోళ్ల లెక్క ఉంటది. టైల ఉన్న చిన్న రంగును పట్టుకొని రుమాలు ఎంచుకోవాలె. ఇది నాకు ఎవడూ నేర్పలే, అద్దం ముందు నిలబడి నేనే నేర్చుకున్న. అందుకే గులాబీ రుమాలు తీసి చూపెట్టిన.

ఆయన రెండడుగులు వెనక్కి జరిగిండు. "ఏంటి తమ్ముడూ, గులాబీ జెండా చూపించి నన్ను కూడా ఉద్యమంలోకి లాగుతున్నావా?"

"సార్, నాకు తెలంగాణ కావాలె, నిజమే. కానీ ఈ గులాబీ మీ టై చుక్కలదే."

వినలే. ఒకే గుడ్డ జత వేసుకొని పోయిండు. నాకు మండింది.

ఇరవై నిమిషాలకు చెమటలు కారుకుంట తిరిగొచ్చిండు. ముందర చౌరస్తాల రాస్తారోకో, ఒక్క కారును పోనిస్తలేరట.

"తమ్ముడూ, ఇందాకటి గులాబీది ఉందా?" అని మెల్లగ అడిగిండు.

నేనే మడిచి ఆయన కోటు జేబుల పెట్టిన. అద్దంల చూసుకొని, "అరె, బానే ఉందే" అన్నడు.

మూడున్నరకు షాపుకు ఫోన్ చేసిండు. "రుమాలు చూసి ముందు జై తెలంగాణ కొట్టించారు, తర్వాత పోనిచ్చారు. ఆఫీసు గేటు దగ్గరే ఉన్నాను."

ఉద్యమంతోని ఏమొస్తదని అడిగేటోళ్లకు చెప్పుండ్రి, ఇయ్యాల ఒక మనిషికి రుమాలు పెట్టుకునుడు వచ్చింది. మీ ఆఫీసుల ఇంకా ఎంతమంది బ్యాండు మేళపోళ్లు ఉన్నరో కింద రాయుండ్రి.