కోడూరులో రత్నాన్ని చూసి వచ్చాను

గుడివాడ నుంచి సర్జన్ వెంకటేశ్వరరావు గారు ఫోన్ చేసేసరికి నేను విజయవాడలో మా వంటింట్లో ఉన్నాను. రత్నకుమారి తన ఆస్పత్రికి వచ్చిందనీ, రొమ్ము క్యాన్సర్ అనీ, బాగా ముదిరిపోయాక వచ్చిందనీ చెప్పారు. ఏ రత్నకుమారి అని అడిగాను.

"మీ రత్నమేనండి," అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే బందరు ప్యాసింజరు ఎక్కాను.

రత్నం ఎవరో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. నేను వైద్యం చదివాను కానీ రోగుల్ని చూడడం చాలా ఏళ్ళ క్రితమే మానేశాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, రొమ్ము పుండై వాసన వేస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళని చూశాను. వీళ్ళు ఇంత ఆలస్యంగా ఎందుకొస్తున్నారన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది నన్ను. ఒక్కొక్కరికీ కట్టు కడుతూ కూర్చుంటే దానికి జవాబు దొరకదనిపించి ఎపిడెమియాలజీ చదివాను. అంటే ఊళ్ళకి ఊళ్ళు తిరిగి, జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, వచ్చినవాళ్ళు ఎప్పుడు బయటపెడుతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అని వేల మందిని అడిగి లెక్క తీసే చదువు. బందరులో ఆఫీసు పెట్టి గుడివాడ, బంటుమిల్లి, దివిసీమ గ్రామాల్లో నా ఉద్యోగకాలమంతా ఆ పనే చేశాను. నేను మొట్టమొదట చేర్చుకున్న ఫీల్డ్ వర్కరు రత్నకుమారి. కోడూరు దాటాక సముద్రం వైపున్న ఒక ఊరు ఆమెది. రిటైరయ్యాక నేను విజయవాడ వచ్చేశాను. గ్రాంటు ఆగిపోయి ప్రాజెక్టు మూతపడింది. ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది.

రైలు ఏడున్నర ప్రాంతంలో కదిలింది. ఆడవాళ్ళూ, కాలేజీ పిల్లలూ ఎక్కువ. నాట్లు అయిపోయి కాలవల్లో నీళ్ళు నిండుగా పారుతున్నాయి. ఎడమవైపు కిటికీ దొరికితే చూడ్డానికి బాగుంటుంది. నా ఎదురుగా కూర్చున్నావిడది బంటుమిల్లి. కూతురి పురుటికి వచ్చి వెళ్తోందట. నేను డాక్టర్నని ఎలా తెలుసుకుందో గానీ మోకాళ్ళ నొప్పులకి ఏం వాడాలని అడిగింది. నేను మందులు రాసే డాక్టర్ని కాదని చెప్పాను.

"మరి ఏం చేస్తారండీ?"

"జబ్బులు ఎందుకొస్తాయో, ఎక్కడెక్కడ వస్తాయో లెక్క తీస్తానండి."

"తీశాక?"

పుస్తకాల్లో రాస్తామని చెప్పాను. ఆవిడ మర్యాదగా తలూపి, సంచిలోంచి జామకాయ తీసి నాకిచ్చింది. గుడివాడలో దిగాను.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని సర్జన్ గారి ఆస్పత్రికి వెళ్ళాను. పేషెంట్లని పక్కన కూర్చోబెట్టి ఆయన నాకు స్కాన్ చూపించారు. వెన్నులోకీ కాలేయంలోకీ పాకిపోయింది. ఆపరేషన్ చేసే దశ ఎప్పుడో దాటింది.

"ఎలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే ఆవిడే అడిగిందండి, నాలుగో స్టేజీయేనా అని," అన్నారాయన. "ఎంతమందిని తీసుకొచ్చిందండీ నా దగ్గరికి. ఒకళ్ళ చెయ్యి పట్టుకుని ఆ తలుపు దగ్గర నించునేది ఎప్పుడూ. మొన్న ఒంటరిగా నించుంటే, పేషెంటు ఏదని అడిగాను నేను."

నొప్పికి ఆయనిచ్చిన మాత్రలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం బాగుంటుందని అందరూ అంటారు. ఆ రోజు నేను పెరుగన్నం మటుకు కలుపుకుని, అదీ సగంలో వదిలేశాను.

గుడివాడ నుంచి దివిసీమ వెళ్ళేవాళ్ళు పామర్రు మీదుగా అవనిగడ్డ బస్సు పట్టుకోవచ్చు. సాయంత్రంలోపు కోడూరు చేరతారు. నేను మాత్రం బందరు రైలెక్కాను. ఆ పూటే రత్నం ముందుకు వెళ్ళి నిలబడే ధైర్యం నాకు లేకపోయింది.

బందరులో లాడ్జిలో సంచి పెట్టి మా పాత ఆఫీసు ఉన్న వీధికి నడిచాను. మేముండే మేడ మీద ఇప్పుడు కోచింగ్ సెంటరు నడుస్తోంది. ఆ గదిలోనే రత్నానికి శిక్షణ ఇచ్చాను. రొమ్ములో గడ్డ తగిలితే ఎలా ఉంటుందో చూపించడానికి మేం ఖరీదైన రబ్బరు బొమ్మలు తెప్పించాం. అవి చూసి పల్లెటూళ్ళలో ఆడవాళ్ళు నవ్వి, సిగ్గుపడి లేచిపోయేవారు. ఒక సోమవారం రత్నం పాత చీర గుడ్డలో దూది కూరి రొమ్ములా కుట్టుకొచ్చింది. లోపల ఒక మూల కుంకుడు గింజ పెట్టింది. "పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చెయ్యేసి చూడమా, ఇదీ అంతే వదినా," అని ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ చేత ఆ గింజ వెతికించేది. ఆమె తిరిగిన ఊళ్ళలో ఆడవాళ్ళు మిగతా ఊళ్ళ కంటే ముందుగా ఆస్పత్రికి వస్తున్నారని మా లెక్కల్లో తేలింది. దాని మీద నేను పేపరు రాశాను, విదేశాల్లో సభలకి వెళ్ళి చదివాను. తెలిస్తే వస్తారు అన్నది ఆ పేపరు సారాంశం. నా పేరు నలుగురికీ తెలిసింది దానివల్లే.

మర్నాడు పొద్దున అవనిగడ్డ బస్సు ఎక్కాను. నేరుగా కోడూరు వెళ్ళే బస్సు కోసం కాచుకోవడం కంటే అవనిగడ్డలో మారడం మేలు. ఆడవాళ్ళకి ఛార్జీ తీసేశాక బస్సంతా ఆడవాళ్ళే. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా అని ముద్రించిన టికెట్ చింపి ఇచ్చాడు.

"ఇప్పుడు ఊరికే ఇంట్లో ఎవరూ ఉండట్లేదండీ," అన్నాడు నవ్వుతూ.

ఆ టికెట్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆడవాళ్ళు ఎందుకు ఆలస్యంగా వస్తారని మేం అడిగిన చోటల్లా మొదట వచ్చే జవాబుల్లో బస్సు ఛార్జీ ఒకటి. దూరం, డబ్బు, మొగుడు ఒప్పుకోకపోవడం, తెలియకపోవడం. వీటిలో ఒక్కటి కూడా రత్నానికి అడ్డం కాదు. డ్రైవరు చల్లపల్లి దగ్గర టీకి ఆపాడు. నేను దిగలేదు.

అవనిగడ్డలో ఇడ్లీ తిని, కోడూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి రొయ్యల మేత బస్తాలు వేసుకెళ్ళే ఆటోలో ముందు సీటు సంపాదించాను. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. ఒకప్పుడు మేం ఈ దారినే వరి గట్ల మీద నడిచి వెళ్ళేవాళ్ళం. రత్నం భర్త దావీదు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. చెరువుల దగ్గర కాపలా పని అతనిది. నా సంచి అందుకుని, "తినట్లేదండి," అని మాత్రం అన్నాడు.

రత్నం వరండాలో మడతమంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేవలేక పక్కకి ఒత్తిగిల్లింది. ఆమె బరువూ చురుకూ తెలిసిన నాకు ఆ మంచంలో సగం మనిషే కనిపించింది. కూతురు సునీత కాఫీ తెచ్చింది. అవనిగడ్డలో కాపురం ఉంటోంది, తల్లి కోసం వచ్చింది. మాత్రలు ఏవి ఎప్పుడు వెయ్యాలో ఆ అమ్మాయికి చెప్పాను. తర్వాత రత్నాన్ని పరీక్ష చేశాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను ఒక రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యడం అది. గింజ కాదు, రాయి. చర్మం చిట్లడానికి సిద్ధంగా ఉంది.

ఎప్పుడు తెలిసిందని అడిగాను. పోయిన క్రిస్మస్‌కి కాదు, దాని ముందు క్రిస్మస్‌కి జాకెట్టు కొలతలిచ్చేటప్పుడు టేపు తగిలి నొప్పి పుట్టిందట. ఇంటికొచ్చి స్నానాలగదిలో చూసుకుందట. వేలికి తగలగానే తెలిసిపోయిందని చెప్పింది. నాకెందుకు ఫోన్ చెయ్యలేదని అడగకూడదనుకున్నాను. అడిగాను.

దావీదు మంచినీళ్ళ నెపంతో లేచి పెరట్లోకి వెళ్ళాడు.

"అందర్నీ నేనే కదండీ తీసుకెళ్ళింది," అంది. "కీమో గదిలో పక్కన కూర్చున్నాను, జుట్టు ఊడితే మూట కట్టాను, చచ్చిపోతే సమాధికీ వెళ్ళాను. మా శాంతమ్మొదిన బటాణీ అంత ఉన్నప్పుడే వచ్చింది. పోలేదా మేడమ్ గారూ? తెలియనోళ్ళకి ముందేముందో తెలియదండి, మనం రమ్మంటే వచ్చారు. నాకు మొత్తం తెలుసు."

శాంతమ్మ సంగతి వేరనీ, అంత చిన్నగా ఉన్నప్పుడు వచ్చినవాళ్ళలో బతికినవాళ్ళే ఎక్కువనీ చెప్పబోయాను.

"అదీ తెలుసండి. ఆ మాట ఇంటింటికీ చెప్పింది నేనేగా." అలుపొచ్చి ఆగింది. "వాళ్ళకి నేను చెప్పాను. నాకెవరు చెప్తారండి?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. విజయవాడ తీసుకెళ్ళి వెన్నుకి రేడియేషన్ ఇప్పిస్తే నొప్పి తగ్గుతుందన్నాను. ఇక ప్రయాణం వద్దంది. దావీదు వచ్చి బతిమాలినా వద్దనే అంది. పక్కింటి వాళ్ళు ఒకళ్ళిద్దరు గుమ్మం దాకా వచ్చి, పలకరించి, లోపలికి రాకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ ఇళ్ళకి మేం వెళ్ళిన రోజులు నాకు గుర్తున్నాయి.

భోజనాల తర్వాత రత్నం కళ్ళు మూసుకుంది. సునీతని లోపలి గదిలోకి పిలిచి, తల్లికి వచ్చింది కాబట్టి తను తప్పకుండా చూపించుకోవాలని, ఇప్పుడు నన్ను చూడనిస్తే మంచిదని చెప్పాను. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది. చిన్నప్పుడు తల్లితో మా ఆఫీసుకి వచ్చి బల్లల కింద ఆడుకునేది.

"వద్దండి," అంది తల దించుకుని. "ఉందని తెలిస్తే అప్పట్నించీ ఇంక అదేగా బతుకు. అమ్మ రెండేళ్ళు ఎవరికీ తెలియకుండా మామూలుగా వంట చేసుకుంది, చర్చికెళ్ళింది, మనవళ్ళని ఎత్తుకుంది. నాకదే బాగుందనిపిస్తోందండి."

నేను నెమ్మదిగా, కోప్పడకుండా, నాకు తెలిసినదంతా చెప్పాను. వింది. నా ఎదుట కూర్చుని విన్న వేలమందిలాగే శ్రద్ధగా వింది. ఆలోచిస్తానంది. మేం బయటికి వచ్చేసరికి రత్నం కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడ పలచన, మా మాటలు విని ఉంటుంది. కూతురి వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. ఒక్క మాట అంటుందేమోనని నేను చాలాసేపు నిలబడ్డాను.

దావీదు బండి మీద కోడూరు దాకా దింపాడు. మూడున్నర దాటాక అవనిగడ్డలో విజయవాడ బస్సు దొరికింది. ఈ దారిలో ఎవరైనా వెళ్తే మధ్యాహ్నం బస్సే ఎక్కండి. మోపిదేవి దాటాక పొలాల మీద ఎండ పచ్చగా పడుతుంది, కొంగలు బారులు తీరి లేస్తాయి. చూడచక్కని సీమ. నేను ఇన్నేళ్ళు తిరిగినా తలెత్తి చూసింది తక్కువ, ఎప్పుడూ ఎవరి ఇంటి గుమ్మమో వెతుక్కుంటూ నడిచాను. ఆ రోజు చూడడానికి తీరిక ఉంది. చూస్తున్నంతసేపూ నా కళ్ళకి ఆ ఇళ్ళూ, ఇళ్ళలో ఎవరికీ చెప్పకుండా వంట చేసుకుంటున్న ఆడవాళ్ళే కనిపించారు.

పామర్రు దగ్గర బస్సు ఆగినప్పుడు సర్జన్ గారికి ఫోన్ చేశాను. సునీత వస్తే ఏ వేళైనా చూడమని అడిగాను. తప్పకుండా చూస్తానన్నారు. రత్నం తర్వాత ఎక్కువ రోజులు లేదు. సమాధి కార్యక్రమానికి నేను మళ్ళీ ఇదే దారిలో వెళ్ళి వచ్చాను, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. తెలిస్తే వస్తారని ఉద్యోగమంతా నమ్మాను. తెలిసినా రానివాళ్ళని ఏం చెయ్యాలో కనుక్కోవడానికి ఇప్పుడు నాకు ఆఫీసు లేదు, మనుషుల్లేరు, వయసూ లేదు. సునీతకి వారం వారం ఫోన్ చేస్తున్నాను. పిల్లల చదువుల గురించి చెబుతుంది, నా ఆరోగ్యం అడుగుతుంది. చూపించుకోవడానికి గుడివాడ ఇంకా వెళ్ళలేదు.