మిరపచేనులా పెంచిన సరుగుడు తోట

మా ఆయన ప్రత్తిపాడు పక్క నల్లరేగడిలో పుట్టి పెరిగిన మనిషి. మిరప తప్ప మరో పంట ఆయన చేతికి తెలియదు. వరసగా మూడేళ్లు నల్ల తామర పురుగు చేను చేనంతా ముడుచుకుపోయేలా చేసేసరికి మాట్లాడటం మానేశారు. అన్నం పెడితే తినేవారు, పిలిస్తే పలికేవారు, అంతే. అప్పుడే చీరాల దగ్గర, సముద్రానికి కాస్త ఇవతల, మా అమ్మ వైపు నుంచి నాకు వచ్చిన ఇసుక నేల చెక్క గుర్తొచ్చింది. అందులో సరుగుడు వేసి, పక్కనే రేకుల ఇల్లు వేసుకుని ఉందామన్నది నేనే. ఆ పాపం నాదే.

సరుగుడుకు ఎవరూ మిరప అచ్చు తోలరు. ఈయన తోలారు. మిరపచేలో గీసినట్టే నిలువునా అడ్డంగా గీతలు గీయించి, గీతా గీతా కలిసిన ప్రతిచోటా ఒక మొక్క పెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మొదళ్లకు నీళ్లు. పురుగు పట్టిందేమోనని ఆకు తిప్పి చూడటం కూడా మానలేదు. సూదుల్లాంటి ఆ ఆకును ఎటు తిప్పుతారో ఆయనకే తెలియాలి. నాకు నవ్వొచ్చేది. కానీ భోజనం దగ్గర మళ్లీ కబుర్లు మొదలయ్యాయి. "దక్షిణం వైపు వరస అప్పుడే జానెడు లేచిందే!" అనేవారు. ఆ తోట నిలబడితే ఈ మనిషి నిలబడతాడని నాకు అర్థమైపోయింది.

రెండేళ్లు నిండకుండానే తోట ఇంటి కప్పు దాటింది. లోపలికి వెళ్తే మిట్ట మధ్యాహ్నం కూడా మసకగా ఉండేది. చెట్లన్నీ వెలుతురు కోసం ఒకదాన్ని మించి ఒకటి పైకి ఎగబాకాయే తప్ప ఒళ్లు చేయలేదు. కింది కొమ్మలు నీడకు ఎండి రాలిపోయాయి. రాలిన ఆకు నేలంతా మందంగా పరుచుకుని గడ్డిపోచను కూడా మొలవనివ్వలేదు. బక్కవి కొన్ని నిలుచున్నచోటే ఎండిపోయేవి. ఈయన వాటిని తీసేసి అక్కడ కొత్త మొక్క పెట్టేవారు. ఆ నీడలో అది బతకదని చూసేవాళ్లందరికీ తెలుస్తూనే ఉంది, ఆయనకు తప్ప.

పక్క తోట సాయిబుగారు చిన్నప్పటి నుంచీ ఆ ఇసుకలోనే సరుగుడు పెంచినవారు. నన్ను చెల్లెమ్మా అని, మా ఆయన్ని బావగారూ అని పిలుస్తారు. ఒకరోజు గొడ్డలి చేతపట్టుకునే వచ్చారు.

"బావగారూ, వరస విడిచి వరస కొట్టెయ్యండి. మిగిలినయ్యి లావెక్కుతాయి. ఆ నీళ్లు కూడా ఆపెయ్యండి. పైపైనే తాగుతా ఉంటే వేరు కిందకెందుకు దిగుద్ది? రేపు గాలొస్తే పట్టుకోడానికేం ఉండదు."

"బతికున్న మొక్కని కొట్టమంటావేంది బావా? మా ఊళ్లో అట్టా చేసినోణ్ణి చేలోకి రానియ్యరు."

"ఇది మిరప కాదండీ."

"ఏదైతే ఏంది? మొక్క మొక్కే."

సాయిబుగారు నా వంక చూశారు. "నువ్వన్నా చెప్పు చెల్లెమ్మా."

నేను నోరు తెరవలేదు. తెలియక కాదు. సాయిబుగారి తోటలో చెట్లు ఎడం ఎడంగా, రెండు చేతులకూ పట్టనంత లావున ఉండటం రోజూ చూస్తున్నదాన్నే. సగం తోట కొట్టేస్తే ఈయన మళ్లీ మునుపటిలా అయిపోతారేమోనని భయం. ఆ భయంతోనే ఏడాది గడిపాను. నేనింత పిరికిదాన్నని అంతకుముందు నాకు తెలియదు.

తుఫాను ఒక మధ్యాహ్నం వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి ఇద్దరం చూస్తున్నాం. తోటంతా ఒక్కసారిగా ఇటు వంగి లేచింది. మళ్లీ వంగినప్పుడు సముద్రం వైపు వరస లేవలేదు. అది రెండో వరస మీద పడింది, రెండోది మూడోదాని మీద. ఒక్కటీ విరగలేదు, వేళ్లతో సహా ఇసుకలోంచి ఊడి వచ్చేశాయి. ఆయన తలుపు గడియ తీయబోయారు. వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపాను. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ హోరులో ఆయన ఏదో అంటూనే ఉన్నారు, ఒక్క ముక్కా వినపడలేదు.

మర్నాడు పొద్దునకు తెరిపిచ్చింది. సాయిబుగారి తోటలో కొమ్మలు విరిగాయి, చెట్లు నిలబడే ఉన్నాయి. మాది చాప పరిచినట్టుంది. సాయిబుగారు గట్టు మీద నుంచి చూసి, తల దించుకుని వెనక్కి తిరిగారు. నాలుగు మాటలు అని ఉంటే నాకు కాస్త తేలికపడేది.

మా ఆయన పార తెచ్చారు. మిరపచేలో వానకు ఒరిగిన మొక్కను లేపి మొదట్లో మట్టి ఎగదోస్తారు, అలా చేస్తే బతుకుతుంది. ఈయన ఇంటికి దగ్గరగా పడిన ఒక బక్క చెట్టు మొదట్లో గొయ్యి తీయడం మొదలుపెట్టారు.

"ఇటొచ్చి పట్టుకో. నిటారుగా."

ఇద్దరం భుజాలు ఆనించి లేపాం. అంత పొడుగు చెట్టుకు వేళ్లు చేటంత మేరే ఉన్నాయి. ఆయన ఇసుక ఎగదోసి కాలితో గట్టిగా తొక్కారు.

"ఇంక వదిలెయ్," అన్నారు.

వదిలితే పడిపోతుందని నాకు తెలుసు. భుజం సలుపుతున్నా చెట్టును అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆయన పార తీసుకుని రెండో చెట్టు దగ్గరికి వెళ్లారు.