సరిహద్దు గీశాక శీలావతులు ఎటు పోయాయంటే

ఆ రోజుల్లో, అంటే రెండు వేల తొమ్మిది చివర్లో, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ టీ బడ్డీ దగ్గర ఆగినా రాష్ట్రాన్ని ఎక్కడ కోయాలో చెప్పేవాళ్లే. రాష్ట్రాలు భాష కోసం విడిపోతాయని ఒకరు, నీళ్ల కోసమని ఇంకొకరు, కొలువుల కోసమని మరొకరు. నా పరిశోధనలో తేలిందేమిటంటే, పక్కవాడి కంచంలో పెరుగు గట్టిగా కనిపించడమే అసలు కారణం. ఆ పక్కవాడు మా మేనత్త కొడుకు. కొల్లేటికోట దారిలో ఇద్దరం కలిసి చేపల చెరువు కౌలుకు తీసుకున్నాం. పని ఇద్దరిదీ, పేరు మాత్రం బావది. అమ్మ మొదటి అట్టు ఆయనకే వేసేది. ఆయన మోటారుసైకిలు చప్పుడు వింటే చేపలు గట్టుకొచ్చి నమస్కారం పెట్టేవి (ఇందులో కల్పన కొంచెమే).

ఒకరోజు తెగించి అడిగేశాను. "బావగారూ, మనం విడిపోదామండీ."

"ఎందుకురా?"

"నా ప్రాంతం వెనకబడిందండీ."

బావ పగలబడి నవ్వాడు. "మరి సరిహద్దు ఎక్కడ గీద్దాం? శీలావతి చేపలు ఏ భాష మాట్లాడతాయో, బొచ్చె చేపలు ఏ యాస మాట్లాడతాయో కనుక్కుని గీద్దామా?"

"అదేం వద్దండీ. తూము నాకు, మేత గుంజలు నాకు."

"తీసుకోరా, దానికేముంది!" అన్నాడు. (ఇవ్వడంలో కూడా నన్ను మించిపోయాడు. అది చూసి ఇంకా కుళ్లుకున్నాను.)

మా వైపు చేపలకి మేత చల్లరు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్లలో పాతిన వెదురు గుంజలకు కడతారు. పొద్దున్నే చెరువంతా ఆ సంచుల చుట్టూ చేరుతుంది. సరిగ్గా ఆ వేళ చూసి చెరువు మధ్యన అడ్డంగా వల కట్టించాను. జనాభా మొత్తం నా రాష్ట్రంలో ఉండిపోయింది, బావ రాష్ట్రంలో రెండు బాతులు మిగిలాయి. ఆ ఆనందంలో తాడేపల్లిగూడెం వెళ్లి పెసరట్టు తిని, కనిపించిన ప్రతివాడికీ నా రాజనీతి బోధించి వచ్చాను.

మర్నాడు మబ్బు పట్టి తెల్లారింది. గట్టెక్కి చూస్తే నా ప్రజలంతా నీటిపైకొచ్చి నోళ్లు తెరిచి గాలికోసం గుటకలు వేస్తున్నారు. చెరువెడు చేపల్ని సగం నీళ్లలో కుక్కితే ఊపిరి ఎక్కడ ఆడుతుంది? ఇంకో గంట ఆగితే మా రెండు కుటుంబాల ఏడాది కష్టం తెల్లగా తేలిపోయేదే.

"బావగారోయ్! ఏవండీ! చచ్చిపోతున్నాయండీ!"

గట్టు మీద కాపలా మకాంలో పడుకున్న బావ కత్తి పట్టుకుని లుంగీతోనే నీళ్లలోకి దూకి, వెనకే నేను దిగేలోపే వల తాళ్లు కోసిపారేశాడు. శీలావతులు గుంపులుగా అవతలికి పరిగెత్తాయి. తడిసిన మీసం తుడుచుకుంటూ, "ఏరా, సమైక్యమేనా?" అన్నాడు.

ఆనక ఫోనులో సంగతంతా విన్న అమ్మ, "అల్లుడు లేకపోతే ఏమైపోయేవాళ్లం!" అంది.

ఆ పొద్దున మాత్రం, చేపలు బతికాయని నా కేకలకు గట్టు మీద చేరినవాళ్లంతా సంబరపడుతుంటే, మెడలోతు నీళ్లలో నిలబడి నేను ఆలోచించింది ఒక్కటే: ఆ కత్తి ముందు నా చేతికెందుకు దొరకలేదు? ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లి, ఒక మంచి టీ ఇప్పించాలనిపిస్తుంది. బావకి తెలియకుండా సుమండీ. తెలిస్తే నాకంటే ముందే వచ్చి డబ్బులిచ్చేస్తాడు.