వడ్డీ లేని సేటుకు పోసిన పాలు

డెబ్బైలల్ల పట్నం గౌలిపురల మాకు రెండు అర్రలు, ఎనక బర్ల కొట్టం. ఒక ఎండకాలం పాలిచ్చే బర్రె సచ్చిపోయింది. ఇంకోటి కొనేతందుకు మా ఆయన ఇంటి కాయితం తీస్కపోయి మూల మీది సేటు దగ్గర తాకట్టు పెట్టిండు. సేటు మస్తు మంచిగ మాట్లాడిండు. "మీ దగ్గర వడ్డీ ఏం తీస్కుంట అమ్మా? పొద్దుగాల ఇంటికిన్ని పాలు పంపుండ్రి, చాలు" అన్నడు. మా అత్త రెండు చేతులెత్తి మొక్కింది.

ఇన్ని పాలంటె ఒక చెంబు. సేటు బిడ్డ పెండ్లికి రెండు చెంబులు పోసినం. పెండ్లి అయిపోయింది, రెండు చెంబులు అట్లనే నిలిచినయ్. బర్లున్న ఇంట్ల మా పిల్లలు పాలు లేని చాయ తాగిండ్రు. నేను నోరు తెరిస్తె అత్త కస్సుమనేది: "మేలు చేసినోనికి పోసిన పాలు లెక్కగడితె బర్రె ఒట్టిపోతదే!"

మా పాలమ్మేటోళ్ళల్ల గది పెద్ద మాట. గా మాట సేటుకు మాకంటె బాగ తెలుసు. ఏండ్లు గడిచినా అసలు బాకీ ఇసుమంత తగ్గలే. ఆఖరికి "ఇల్లు నా పేర్న రాసియ్యుండ్రి, కిరాయికుండుండ్రి" అని మొదలువెట్టిండు.

గప్పుడే లైసెన్సు లేకుంట తాకట్టు వ్యాపారం చేసేటోళ్ళ మీద సర్కారు కన్ను పడ్డది. ఆఫీసరొకాయన స్కూటర్ మీద మా గల్లీకొచ్చిండు. సేటు ఎదురుంగనే మా అత్తను అడిగిండు: "అమ్మా, వడ్డీ ఎంత కడుతున్నరు?"

"వడ్డీనా? రామ రామ! పైసా తీస్కోడు సారూ. దేవుడసొంటి మనిషి."

సేటు నవ్విండు. "చూసిండ్రా సాబ్? చేబదులు. భాయిచారా, అన్నదమ్ముల లెక్క."

ఆఫీసరు కలం మూసిండు. వడ్డీ లేకుంటె అది వ్యాపారం కాదట, చేబదులు మీద ఆయన చెయ్యి నడ్వదట. ఇల్లు పోతుందని నాకు సమజైంది. కొంగు నడుముకు చెక్కి అడ్డం నిలబడ్డ.

"మరి పాలో సారూ? దినాం రెండు చెంబులు. పిల్లల నోరు కొట్టి పోస్తున్నం."

"అరె, అవి ప్రేమతోని పంపుతున్నరు సాబ్" అన్నడు సేటు.

ఆఫీసరు సేటు మొకం దిక్కు చూసిండు. "ప్రేమైతె మంచిదే. అమ్మా, రేపు పంపకు."

పంపలే. అత్త ఏడ్సుకుంట బర్రె పొదుగు నిమురుతనే ఉంది. ఎండ గోడెక్కకముందే సేటు వాకిట్లకొచ్చిండు. "క్యా రే, దూధ్ కిధర్ హై? పాలు బంద్ చేస్తె కాయితం మర్చిపోండ్రి! నా పైసలు పుణ్యానికి ఇచ్చినా?" గల్లీ మొత్తం ఇన్నది.

ఎదురుంగ చాయ హోటల్ల కూసున్న ఆఫీసరు కప్పు కింద వెట్టి వచ్చిండు. "మల్లొకసారి చెప్పు సేటూ, రాస్కుంట."

ఇగ గక్కడితోని అయిపోలే. రేపు రా, ఎల్లుండి రా అని ఆఫీసు చుట్టు మా చెప్పులరిగేదాంక తిప్పిండ్రు. ఆఖరికి పోసిన పాలు లెక్కగట్టి, బాకీ తీరిందని కాయితం వాపస్ ఇప్పించిండ్రు. దాంట్ల ఏం రాసుందో మా ఇంట్ల ఎవ్వలికి తెల్వదు, చదువు రాదు. ముసలితనంల అక్షరాలు నేర్చినంక నేను మొదలు చదివింది గదే.

ఆఫీసరు ఇంటికొచ్చి కాయితం ఇచ్చిన్నాడు అత్త చేసిన పని చెప్తె నమ్మరు. సేటుకు పోసే చెంబే కడిగి, నిండ పాలు నింపి ఆఫీసరు ముందల వెట్టింది. "దేవుడసొంటోనివి బిడ్డా, దినాం ఇంటికి పంపుత."

నాకు నెత్తిల మంట లేచింది. చెంబు గుంజుకున్న. "ఈయన జీతానికి ఈయన పని చేసిండు అత్తా! గదన్న ఇన్నేండ్లకు చేసిండు. పాలు కావాలంటె అందరి లెక్క కొనుక్కోమను."

ఆఫీసరు మొకం ఎర్రగైంది. అత్త నన్ను తిట్టుడు ఆపలే.

నేను గా చెంబు పొయ్యి మీద వెట్టి, కాచి, మా పిల్లలకు పోసిన.