కొబ్బరినూనె పేరుకున్న ఉదయం

మొన్న పొద్దున కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో ట్రామ్ కోసం నిలబడి ఉంటే గాలిలో సన్నగా మంచు రాలింది. ఇలాంటి మంచులోనే నేను సైకిలు మీద పనికి వెళ్ళేవాణ్ణని మనవడితో అన్నాను. "నో వే, తాతా!" అని నవ్వేసి వాడు ఫోను చూసుకున్నాడు. వాడికి నా తెలుగు అర్థమైంది, నా మాట మీదే నమ్మకం కలగలేదు. ఆ చలి ఎరిగిన మా ఈడువాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కనుక దీన్ని ఎవరో ఒకరు రాసిపెట్టాలని కూర్చున్నాను.

ఎనభైల చివర్లో, కాన్‌బెర్రా వచ్చిన కొత్తలో, ఒక ఆసుపత్రి వంటింట్లో రోగులకు ఫలహారం ట్రేలు సర్దే పని దొరికింది. కొన్నాళ్ళు చూసి ఖాయం చేస్తామన్నారు. నా భార్యకు అప్పుడు ఏడో నెల. మాకున్న ఆధారం ఆ పనొక్కటే. తొలి బస్సుకన్నా ముందే డ్యూటీ కనుక పాత సైకిలొకటి సంపాదించాను. రోడ్డు మీద మంచు గాజులా బిగుసుకుపోయి, జారిపడి రెండుసార్లు ఆలస్యమయ్యాను. మా సూపర్‌వైజరు చెడ్డమనిషి కాదు గానీ, ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉంచుకోలేనని చెప్పేసింది.

ఆ సాయంత్రం నా భార్య, "కిర్రుకిర్రుమంటోందండీ మీ సైకిలు, వినలేక చస్తున్నా! నూనె కాస్త కరగబెట్టి, మా నాన్న వేసినట్టే వెనక చక్రానికి పోశాను, ఇక రయ్యిమని వెళ్ళండి" అంది. బాపట్ల నుంచి పెట్టెలో తెచ్చుకుని, తలకు కూడా పొదుపుగా రాసుకుంటున్న కొబ్బరినూనె అది.

తెల్లారేసరికి ఊరంతా మంచు. సగం దారిలో పెడలు ఉత్తినే తిరగసాగింది, చక్రానికి పట్టు చిక్కడం లేదు. వంగి చూస్తే పళ్ళచక్రం నిండా తెల్లటి ముద్ద; నూనె పేరుకుని లోపలి కొక్కేలు బిగుసుకుపోయాయి. కాలేజీ గడప తొక్కని నాకు ఈ ఊరి లైబ్రరీయే కాలేజీ. ఏ నూనె ఎంత చలికి గడ్డకడుతుందో అక్కడే చదువుకున్నాను. చదివిందంతా అప్పుడు గుర్తొచ్చింది, ఒక రోజు ఆలస్యంగా. ఫ్లాస్కులోని వేడి టీ మొత్తం చక్రం మీద పోశాను. పట్టు చిక్కింది. వేళ్ళు మొద్దుబారినా తెలియనంతగా తొక్కుకుంటూ వెళ్ళాను. అప్పటికే ట్రేలు వార్డులకు వెళ్ళిపోయాయి, నా చోట మరొకతను ఏప్రాన్ కట్టుకుని ఉన్నాడు. "సారీ, లవ్" అంది సూపర్‌వైజరు, ఇక్కడివాళ్ళు ఎవరినైనా పిలిచే తీరున, నా కళ్ళలోకి చూడకుండా.

ఇంటికి వస్తే నా భార్య టీ మరకలు చూసింది, వంగి చక్రం తడిమింది, వేళ్ళు వాసన చూసుకుంది. "నా వల్లేనా?" అంది. కాదు, మంచు వల్ల అన్నాను. బిడ్డ పుట్టేదాకా ఆమె తలకు నూనె రాసుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇప్పుడు ఏ కొట్లో చూసినా కొబ్బరినూనె సీసాలు వరుసగా ఉంటాయి, వెచ్చటి ట్రామ్ గుమ్మం దాకా వస్తుంది. సుఖమే, కాదనను. కానీ ఒకరి కష్టానికి ఇంకొకరు మాటల్లేకుండా అలా చలిలో తోడు నిలబడడం ఈ పిల్లలకు ఎలా చెప్పను? వారం తిరక్కుండా తన కారులో తిప్పి నాకు వేరే పని చూపించిన హైదరాబాదు కరీం భాయ్‌కి, చదువుకోవడానికి రోజూ హీటరు పక్క కుర్చీ చూపించిన లైబ్రరీ మార్గరెట్‌కి నా కృతజ్ఞతలు. ఆ చలికాలమంతా ఎండు జడతో తిరిగిన నా భార్య సునందకు కూడా. ఆమెకు ఈ మాట ఇంతవరకూ చెప్పనే లేదు.